సీఆర్‌పీ తగ్గిన సాయంత్రం

మా అక్క ఇప్పటికీ రక్తపరీక్ష రిపోర్టు చేత్తో ముట్టుకోదు. షుగరుంది కాబట్టి ఉయ్యూరులో అప్పుడప్పుడూ రక్తం ఇస్తుంది, కాగితం మాత్రం నా ఫోనుకి పంపమని ల్యాబు వాళ్ళకి చెబుతుంది. నేను విజయవాడలో కూర్చుని చదివి, "బాగానే ఉంది, స్వీట్లు తగ్గించు" అంటాను. అంతకు మించి ఒక్క అంకె చెప్పబోయినా ఫోను పెట్టేస్తుంది. ఏళ్ళ తరబడి హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని నేను. అంకెలు చెప్పనివ్వకుండా నా నోరు మూయించగలిగిన మనిషి మా అక్కొక్కతే.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ వేసవికి ముందు అక్క ఇలా ఉండేది కాదు. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా టైఫాయిడా మలేరియానా అని ఆరా తీసేది. పక్కింటావిడ థైరాయిడ్ సంగతి ఆవిడకంటే మా అక్కకే బాగా తెలిసేది. ఇప్పుడు ఆ ఆరాలన్నీ పోయాయి. నిజం చెప్పాలంటే, ఆ వాగుడు విసుగనుకునేదాన్ని. ఇప్పుడు అది వినాలనిపిస్తుంది.

మా బావ మాకు పరాయివాడు కాదు, సొంత మేనమామ కొడుకు. చిన్నప్పటి నుంచీ కలిసి తిరిగినవాళ్ళం కాబట్టి గారూ గీరూ ఏమీ లేకుండా నువ్వనే పిలిచేదాన్ని. ఉయ్యూరు దగ్గర చెరకు వేసేవాడు. పొలంలో మాట్లాడితే రోడ్డు మీద వినిపించే గొంతు. నన్ను 'టీచరమ్మా' తప్ప ఇంకో పేరుతో పిలిచి ఎరగడు. నేను వడ్డించడానికి నిలబడితే చాలు, "ఇప్పుడు ఇడ్లీలు తిన్నవాళ్ళంతా చేతులెత్తమంటుంది చూడండి" అని మా పిల్లల్ని నవ్వించేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు. మరదలికి ఆ మాత్రం హక్కుంటుంది.

అక్క భక్తి గట్టి భక్తి. గుళ్ళో ముందు వరసలో కూర్చుంటుంది. మేం చర్చిని గుడి అనే అంటాం. బావేమో తలుపు పక్కన ఆఖరి బెంచీలో కూర్చుని, ప్రార్థన కాస్త పొడుగైతే పొలంలో మోటారు చూసొస్తానని లేచిపోయేవాడు. అక్క కోప్పడితే, "దేవుడికి నువ్వున్నావు, చెరక్కి నేనుండద్దా?" అనేవాడు. వాళ్ళిద్దరి కాపురంలో నేను చూసిన తగువు అదొక్కటే, అదీ ఆదివారాలే.

ఆ వేసవిలో బావకి జ్వరం వచ్చింది. దగ్గు, ఆయాసం, తర్వాత వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్ అంకె దిగిపోవడం. విజయవాడలో మంచం దొరకడం కోసం మావారు ఎంతమందిని బతిమాలారో లెక్కలేదు. చివరికి ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో దొరికింది. అక్కకి అంతకు ముందే చిన్న జ్వరం వచ్చి తగ్గిపోయింది. నెగెటివ్ అని తేలాక మా ఇంటికి వచ్చేసింది. ఆస్పత్రి మా ఇంటి నుంచి ఆటోలో వెళ్ళేంత దగ్గర. దగ్గరైతే ఏం లాభం, లోపలికి ఎవర్నీ రానిచ్చేవాళ్ళు కాదు. మధ్యాహ్నం దాటితే కర్ఫ్యూ. బందరు రోడ్డు మీద అంబులెన్సులు తప్ప ఏమీ కదిలేవి కావు.

లోపలున్న మనిషి సంగతి మాకు తెలిసేది రోజూ నా ఫోనుకి వచ్చే రక్తపరీక్షల రిపోర్టు వల్లే. సీఆర్‌పీ, ఫెర్రిటిన్, డి-డైమర్. డ్యూటీ డాక్టరమ్మ మంచిది, ఫోనులోనే ఓపిగ్గా చెప్పింది. వైరస్ వల్ల ఒంట్లో రేగిన మంట ఎంతుందో సీఆర్‌పీ చెబుతుంది. ఒంట్లో ఇనుమును దాచి ఉంచే ఫెర్రిటిన్ కూడా ఆ మంటతోపాటే పెరుగుతుంది. రక్తం లోపల్లోపల గడ్డకట్టి కరుగుతుంటే ఆ ఆనవాలు డి-డైమర్‌లో కనిపిస్తుంది. అన్నీ కలిపి, మనిషిని కూడా చూసి చెప్పాలి తప్ప ఏ ఒక్కదాన్నీ పట్టుకుని ఏమీ అనలేమని కూడా చెప్పింది. ఆ ఆఖరి మాట నేను విన్నాను. కానీ అంకె కనబడితే లెక్కల టీచరుకి కొండంత ధైర్యం వచ్చేస్తుంది.

ఇంక మా ఇంట్లో బావ ఎలా ఉన్నాడని అడగడం మానేశారు. "ఇవాళెంత?" అనేవాళ్ళు. పామర్రు నుంచి మా పిన్ని, మైలవరం నుంచి మావారి అన్నయ్య, అందరిదీ అదే ప్రశ్న. బావ ఏం తిన్నాడు, నిద్ర పట్టిందా, వీపు నొప్పెడుతోందా, ఎవరికీ పట్టలేదు. పట్టకేం, పట్టింది, కానీ అవి చెప్పేవాళ్ళు లేరు. అంకెలు చెప్పేదాన్ని నేనున్నాను. చెరకు తోటలాంటి మనిషిని పట్టుకుని మూడు అంకెలు చేసేశాం. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

గుళ్ళు మూసేశారు కాబట్టి సాయంత్రం ప్రార్థన ఫోనులోనే జరిగేది. అక్కావాళ్ళ సంఘం అంతా కాన్ఫరెన్సు కాల్‌లో చేరేవాళ్ళు. ఒకరింట్లో కుక్కర్ కూత, ఒకరింట్లో గేదె అరుపు, మధ్యలో అయ్యగారి ప్రార్థన. పాస్టరుని వాళ్ళ సంఘంలో అయ్యగారంటారు. ఆయన పెద్దమనిషి, ప్రార్థనకి ముందే నాకు ఫోన్ చేసి, "అమ్మా, ఆ రెండోదాని పేరు ఇంకోసారి చెప్పండి, తప్పు పలకకూడదు" అని నేర్చుకునేవారు. తర్వాత అదే వణికే గొంతుతో, "తండ్రీ, నీ బిడ్డ రక్తంలో ఆ ఫెర్రిటిన్‌ను నీ చేత్తో దించు ప్రభువా" అనేవారు. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. రెండోసారికి నేనూ కళ్ళు మూసుకుని, డి-డైమర్ కూడా, డి-డైమర్ కూడా అని మనసులో గుర్తుచేస్తున్నాను.

అలా ఉండగా, అప్పట్లో ఊరూరా వెతుక్కున్న ఆ పెద్ద ఇంజెక్షన్ దొరికింది. బావకి ఇచ్చారు. ఆ తర్వాత వచ్చిన రిపోర్టులో సీఆర్‌పీ సగానికి సగం పడిపోయింది. ఆ మర్నాడు ఇంకా కిందికి. వందల్లో ఉన్నది పదుల్లోకి, పదుల్లోంచి ఒంటి అంకెలోకి వచ్చేసింది. నేను వంటింట్లోకి పరిగెత్తి అక్కని వాటేసుకున్నాను. మావారు స్వీటు తెస్తానని చెప్పులేసుకుని, కర్ఫ్యూ గుర్తొచ్చి మళ్ళీ విప్పారు. డి-డైమర్ మాత్రం పెరుగుతూనే ఉంది. ఆ మాట అక్కకి చెప్పాను కూడా. "ఒకదాని తర్వాత ఒకటి తగ్గుతాయిలేవే" అంది. నాకూ అది న్యాయంగానే తోచింది.

ఆ సాయంత్రమే అక్క సాక్ష్యం చెప్పింది.

మా వాళ్ళలో సాక్ష్యం చెప్పడమంటే చిన్న సంగతి కాదు. తనకి జరిగిన మేలు నలుగురి ముందూ నిలబడి చెప్పి దేవుడికి మహిమ ఇవ్వాలి. కాన్పు సుఖంగా అయినవాళ్ళు, ఆపరేషన్ నుంచి లేచినవాళ్ళు చెబుతుంటారు. చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవడం మాత్రం ఎవరూ ఎరగరు. వాళ్ళ ఊళ్ళో ఒక పెద్దాయన కాలి మీద షుగరు పుండు మానిందని సాక్ష్యం చెప్పి, ఆ వర్షాకాలమే కాలు తీయించుకున్నాడు. కాలు పోయిందని జాలిపడినవాళ్ళకంటే, ఆయన విశ్వాసం ఎక్కడ సన్నగిల్లిందా అని మాట్లాడుకున్నవాళ్ళే ఎక్కువ. ఆ మాటల్లో మా అక్కది పెద్ద గొంతే.

అక్క ఫోను రెండు చేతులతో పట్టుకుని, తలమీద కొంగు కప్పుకుని చెప్పింది. తన భర్త రక్తంలో మంటని దేవుడు చల్లార్చాడని, డాక్టర్ల రిపోర్టే రుజువని, ఇంటికి వచ్చాక కృతజ్ఞత కూడిక పెట్టి ఊరందరికీ భోజనం పెడతానని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేను.

ఆ మర్నాడు కాక ఆ మర్నాడు మధ్యాహ్నం డాక్టరమ్మ తనే ఫోన్ చేసింది. ఆవిడ తనంతట తను ఫోన్ చేయడం అదే మొదలు. ఆక్సిజన్ ఎంత పెంచినా చాలడం లేదంది. డి-డైమర్ చాలా ఎక్కువగా ఉందని, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు ఉన్నట్టున్నాయని చెప్పింది. నేను వెర్రిదానిలా, "మరి సీఆర్‌పీ తగ్గింది కదండీ?" అన్నాను.

"ఆ ఇంజెక్షన్ ఇచ్చాక సీఆర్‌పీ ఎలాగూ తగ్గుతుంది మేడమ్. లివర్ దాన్ని తయారుచెయ్యకుండా ఆపేస్తుంది ఆ మందు. ఇంక దాన్ని చూసి జబ్బు తగ్గిందనుకోడానికి లేదు. కుక్కర్ విజిల్ తీసి పక్కన పెట్టామనుకోండి, కూత ఆగుద్ది. లోపల ఉడకడం ఆగదు కదండీ." ఆ వెంటనే, "సాయంత్రం లోపల వెంటిలేటర్ పెట్టాల్సొచ్చేలా ఉంది. ట్యూబు వేస్తే మాట్లాడలేరు. ఇంటి మనిషి ఒక్కళ్ళొస్తే పీపీఈ కిట్టు వేసి కాసేపు లోపలికి పంపిస్తాం. వాళ్ళావిడొస్తే మంచిది" అంది.

అక్క అప్పుడు హాల్లో బావ బట్టలు ఇస్త్రీ చేస్తోంది. డిశ్చార్జి రోజు కోసం తెచ్చిన తెల్ల చొక్కా, పంచె. కాలరు మడత సరిగ్గా రాలేదని నీళ్ళు చిలకరించి మళ్ళీ పెట్టె రుద్దుతోంది. నేను విషయం చెప్పాను. విజిల్ సంగతి కూడా చెప్పాను. అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"నేను రాను" అంది.

"అక్కా, ట్యూబు వేస్తే ఇంక మాట్లాడలేడట."

"సాక్ష్యం చెప్పానే. దేవుడు బాగుచేశాడని నోటితో చెప్పి, ఇప్పుడు ఆఖరి చూపుకెళ్ళినట్టు వెళ్తే? ఆయన చేసినదాన్ని అనుమానించినట్టు కాదా? నా అనుమానం మీ బావకి తగలద్దా?"

"దేవుడు అంత పట్టింపు మనిషా?" అన్నాను. నా నోటి దురుసుతనం అప్పుడు కూడా ఊరుకోలేదు.

అక్క ఏడవలేదు, కోప్పడలేదు. "నన్ను చూస్తే మీ బావ బెదిరిపోతాడే. ఇదేంటి, ఇది కూడా వచ్చిందంటే నా పని అయిపోయిందనుకుంటాడు. నువ్వెళ్ళు. ఇంటికొచ్చేటప్పుడు గేటు దగ్గరుంటానని చెప్పు" అంది. మళ్ళీ చొక్కా అందుకుంది. చెయ్యి పట్టుకుని లాగాను, కదల్లేదు. కొట్టి తీసుకెళ్ళాల్సిందని మా పిన్ని ఇప్పటికీ అంటుంది. అంత పెద్ద అక్కని ఎలా కొడతాం? అక్కడ కూడా టైము పోతోంది. కర్ఫ్యూలో పోలీసులకి ఫోనులో రిపోర్టు చూపించుకుంటూ నేనే వెళ్ళాను.

ఐసీయూలో కిట్టు తొడిగి, ముఖానికి అద్దంలాంటిది కట్టారు. నా ఊపిరికే అది మసకబారింది. మంచం మీద బావ సగమై ఉన్నాడు. ముక్కూ నోరూ మూసేసిన మాస్కు, దాని పట్టీల కింద చెంపలు కమిలి ఉన్నాయి. ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో. నర్సు మంచినీళ్ళ కోసం మాస్కు కాస్త ఎత్తినప్పుడు నావైపు చూసి, "ఎవరూ?" అన్నాడు.

"నేను బావా."

"టీచరమ్మా..." మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "ఏంటా వేషం?"

జీవితంలో మొదటిసారి బావకి ఎదురు జవాబు చెప్పలేకపోయాను. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తల పక్కకి తిప్పి చూశాడు.

"మీ అక్కేదీ?"

"ఇంటికొచ్చేటప్పుడు గేటు దగ్గరుంటానంది బావా."

నా ముఖం ఆయనకి సరిగ్గా కనబడే అవకాశం లేదు. అయినా కాసేపు అలాగే చూశాడు. "సాక్ష్యం చెప్పేసిందా?" అన్నాడు.

తల ఊపాను. నవ్వబోయాడు, దగ్గు ముంచుకొచ్చింది. నర్సు మాస్కు పెట్టేసింది. దగ్గు తగ్గాక మాస్కులోంచే అన్నాడు, "అయితే ఇంక రాదులే." ఆ మాటలో కోపం లేదు. ఆదివారం మోటారు దగ్గరి నుంచి ఆలస్యంగా వచ్చి, ముందు వరసలో ఉన్న పెళ్ళాన్ని తలుపు దగ్గర్నుంచి చూసేవాడే, ఆ చూపులా ఉంది ఆ గొంతు.

నర్సు ఇంక చాలన్నట్టు చెయ్యి ఊపింది. నేను కదలబోతుంటే గౌను పట్టుకున్నాడు. వంగాను.

"అడిగానని చెప్పకు. అడగలేదని చెప్పు. లేపోతే ఏడుస్తా కూర్చుంటది."

సరేనన్నాను. ఇంకేమైనా అనాల్సింది. ఎన్ని ఏళ్ళ వేళాకోళం బాకీ ఉందో మాకు. ఏమీ అనకుండా బయటికొచ్చేశాను. ఆ కాసిన్ని నిమిషాలు మా అక్కవి. అవి నేను వాడుకుని వచ్చాను. నాకు మిగిలిన బాధ అది.

ఇంటికొచ్చేసరికి గేటు దగ్గరే నిలబడి ఉంది అక్క. "నన్నడిగాడా?" అంది.

"లేదక్కా. ఎక్కువ మాట్లాడలేదు. నిన్నడగలేదు."

అక్క ముఖంలో ఎంత ఊరటో. "చూశావా, ధైర్యంగా ఉన్నాడన్నమాట. భయపడితే అడగడా?" అంది. బావ లెక్క తప్పలేదు, పెళ్ళాం మనసు ఆయనకి తెలిసినట్టు ఎవరికి తెలుసు అనుకున్నాను.

ట్యూబు వేశాక బావ కళ్ళు తెరవలేదు. కొన్నాళ్ళకి పోయాడు. ఆఖరి రిపోర్టులో కూడా సీఆర్‌పీ ఒంటి అంకెలోనే ఉంది. ఉయ్యూరులో సమాధి దగ్గర నలుగురైదుగురం, అయ్యగారు, జిప్పు వేసిన సంచి. తెల్ల చొక్కా తొడగనివ్వలేదు. దాన్ని సంచి మీద పరుస్తానని అక్క అడిగితే, కిట్టులో ఉన్న మనిషి కాసేపు అటూ ఇటూ చూసి, సరే కానివ్వండమ్మా అన్నాడు. కాలరు మడత అప్పటికీ నలగలేదు.

ఊళ్ళో ఎవరూ అక్క ముందు ఏమీ అనలేదు. కాలు పోయిన ఆ పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చి, అరుగు మీద చాలాసేపు కూర్చుని, ఒక్క మాటా మాట్లాడకుండా కాఫీ తాగి వెళ్ళాడట. గుళ్ళు తెరిచాక అక్క ముందు వరస వదిలేసి, తలుపు పక్క ఆఖరి బెంచీకి మారింది. సాక్ష్యాలున్నవాళ్ళు లేవండని అయ్యగారు అన్నప్పుడు చెప్పుల వైపు చూస్తూ కూర్చుంటుంది. పక్కన కూర్చున్నప్పుడు చూశాను.

నన్ను మాత్రం అడుగుతూనే ఉండేది. కూర తాలింపు వేస్తూ, బస్సు ఎక్కబోతూ, ఏ సంబంధమూ లేని చోట. "ఒక్కసారి కూడా అడగలేదంటావా?" అని. నేను బావకి ఇచ్చిన మాట ప్రకారం లేదనేదాన్ని. అది విని అక్క తేలికపడుతుందనే అనుకునేదాన్ని. లెక్కల టీచరుని కదా, ఒకసారి సరిపోయిన జవాబు ఎప్పటికీ సరిపోతుందనుకున్నాను.

మొన్న వానాకాలంలో అక్కకి వైరల్ జ్వరం వచ్చింది. తీసుకొచ్చి మా ఇంట్లో ఉంచుకున్నాను. డాక్టరు రాసిన పరీక్షల్లో సీఆర్‌పీ కూడా ఉంది. రిపోర్టు ఫోనుకి రాగానే, "భయమేమీ లేదక్కా, మామూలు జ్వరమే" అన్నాను. అక్క గోడవైపు తిరిగి పడుకుని, "అది కూడా చేశారా?" అంది. చేశారన్నాను. ఎంతని అడగలేదు.

కాసేపటికి, ఇటు తిరక్కుండానే అంది: "మీ బావ నా మీద కోపంతోనే పోయాడే. నేను రాలేదని. లేకపోతే నన్నడక్కుండా ఉంటాడా? నీళ్ళు కావాలన్నా నన్నే అడిగే మనిషి."

ఇన్నేళ్ళూ అక్క ఆ ఒక్క 'లేదు'ని ఇలా మోస్తోందని నాకు తట్టనే లేదు. అక్క ఏడవకుండా ఉండాలని బావ చెప్పించిన మాటే లోపల్లోపల గడ్డకట్టి కూర్చుంది. ఆయన ఉంటే ఏమనేవాడో తెలియదు. మాట తప్పుతున్నానని నాకు తెలుసు.

"అడిగాడక్కా" అన్నాను.

అక్క కదల్లేదు.

"ముందు నిన్నే అడిగాడు. నా వెనక ఉన్నావేమోనని చూశాడు కూడా. సాక్ష్యం చెప్పేసిందా, అయితే రాదులే అని నవ్వాడు. నువ్వు ఏడుస్తావని నాతో అలా చెప్పించాడు."

తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. అక్క మెల్లగా లేచి, గోడకి ఆనుకుని కూర్చుని, జ్వరంతో కాలుతున్న చేత్తో నా మణికట్టు పట్టుకుంది.

"ఏమన్నాడు? ఎలా అన్నాడో అలాగే అను."

బావ గొంతు నాకు రాదు. మధ్యలో ఊపిరి తీసుకుంటూ, వచ్చినట్టు అన్నాను.

"మీ అక్కేదీ?"

అక్క కళ్ళు మూసుకుంది.

"ఇంకోసారి అను" అంది.